మావయ్య ఇచ్చి వెళ్లిన రెండు అట్టపెట్టెలు: ఏ డిస్కు ఉంచాలి, ఏది వదలాలి?

పెరుంగుడి హర్ష | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి.

మా మేనమామ చెన్నై సాలిగ్రామంలో ముప్పై ఏళ్లు ఉన్నారు. కోడంబాక్కం వైపు ఒక సినిమా ల్యాబ్‌లో ప్రింట్లకి రంగులు సరిచూసే పని. పోయిన నెల ఇల్లు ఖాళీ చేసి ఒంగోలు వెళ్లిపోతూ రెండు అట్టపెట్టెలు నా కారు డిక్కీలో పెట్టారు. "చూస్తే చూడు, లేదంటే చూసేవాళ్లకి ఇయ్యి. కేజీల లెక్కన మాత్రం అమ్మొద్దు" అన్నారు.

ఇంటికొచ్చి విప్పితే 140 దాకా డిస్కులు. దాదాపు అన్నీ పాత సైన్స్ ఫిక్షన్ సినిమాలే. వీసీడీలు, డీవీడీలు, కొన్ని బ్లూరేలు. మా ఆవిడ టీవీ కింద అర ఒకటి చూపించి "ఇందులో పట్టినన్ని ఉంచుకో" అంది. ఆ అరలో నలభై పడితే గొప్ప.

నా అనుమానాలు ఇవీ. 'బ్లేడ్ రన్నర్' మూడు కాపీలు ఎందుకున్నాయి? 'మెట్రోపోలిస్' రెండున్నాయి, ఒకటి రెండు గంటలు, ఇంకొకటి రెండున్నర గంటలు. ఏది అసలుది? కింద పెట్టెలో ఇరవై దాకా డిస్కులకి అట్టలు ఉబ్బి, అంచుల్లో మట్టి గీత ఉంది. 2015 వానల్లో తడిశాయట. అవి బతికే ఉన్నాయా? ఇక 'ఆదిత్య 369' వీసీడీ రెండో డిస్కు నలభయ్యో నిమిషం దగ్గర ఆగిపోతోంది. దీనికేమైనా వైద్యం ఉందా?

4కె కార్తీక్ | శుక్రవారం రాత్రి 9:58

బ్రో, సింపుల్. వీసీడీలు, డీవీడీలు అన్నీ వదిలెయ్. 65 అంగుళాల టీవీలో వీసీడీ వేస్తే ముఖాలు కాదు, ఇటుకలు కనిపిస్తాయి. నచ్చిన పది సినిమాలకి 4కె డిస్కులు తెప్పించుకో. అరలో ఇంకా చోటు మిగులుతుంది. మేడం కూడా హ్యాపీ.

పాతరీలు | శుక్రవారం రాత్రి 10:31

హర్ష గారూ, తొందరపడకండి. మీ మావయ్య గారు ఏదో తెలియక మూడుసార్లు కొన్నారనుకోవద్దు. అవి మూడూ ఒకే సినిమా కాదు.

'బ్లేడ్ రన్నర్' 1982లో విడుదలైనప్పుడు హీరో గొంతుతో కథ చెప్పించారు, చివర్లో కొండల మీదుగా కారులో వెళ్లిపోయే సుఖాంతం తగిలించారు. ఆ కొండల షాట్లు దర్శకుడు కుబ్రిక్ 'ది షైనింగ్' కోసం హెలికాప్టర్ నుంచి తీయించి వాడకుండా వదిలేసినవి. 1992లో డైరెక్టర్స్ కట్ అని వచ్చింది: ఆ గొంతు పోయింది, సుఖాంతం పోయింది, ఒంటికొమ్ము గుర్రం కల వచ్చి చేరింది. కథానాయకుడు మనిషా, తయారుచేసిన కృత్రిమ మనిషా అన్న గొడవ మొత్తం ఆ కల చుట్టూనే. పేరు డైరెక్టర్స్ కట్ అయినా దర్శకుడు రిడ్లీ స్కాట్ దగ్గరుండి పూర్తిగా చేయించింది 2007లో వచ్చిన ఫైనల్ కట్. ఆ ఏడాదే అయిదు డిస్కుల పెట్టె వేశారు. సూట్‌కేసులాంటి డబ్బాలో కూడా అమ్మారు. వర్క్‌ప్రింట్‌తో (విడుదలకి ముందు నాటి కచ్చా ప్రింటు) సహా అయిదు రూపాలు అందులో ఉన్నాయి. పైగా సినిమా తీసిన తీరు మీద మూడున్నర గంటల డాక్యుమెంటరీ.

మీ దగ్గర ఏ మూడు ఉన్నాయో వెనక అట్ట చూసి చెప్పండి. ఎందుకున్నాయో తర్వాత చెప్పుకుందాం.

అడయార్ జ్యోతి | శుక్రవారం రాత్రి 11:05

ముందు తడిసిన డిస్కుల సంగతి, మిగతావి ఆగుతాయి.

2015 డిసెంబర్ 1 రాత్రి మేం కొట్టూర్‌పురంలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. అర్ధరాత్రి దాటాక నీళ్లొచ్చాయి, తెల్లారేసరికి మంచం ఎత్తు. మూడు రోజుల తర్వాత తలుపు తెరిస్తే డిస్కుల బీరువా వెల్లకిలా పడి ఉంది. అప్పుడు నేర్చుకున్నది చెబుతున్నాను.

డీవీడీ, బ్లూరే చాలావరకు బతుకుతాయి. డీవీడీలో మెరిసే పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, ఒక్కొక్కటి 0.6 మిల్లీమీటర్లు. నీళ్లు దాని దాకా వెళ్లాలంటే అంచు విచ్చుకోవాలి. వీసీడీ అలా కాదు. దాని మెరుపు పొర బొమ్మ అచ్చేసిన వైపే, పల్చటి లక్క పూత కింద ఉంటుంది. అందరూ కింది వైపు గీతలు పడతాయని భయపడి పైవైపు బల్లకి ఆనించి పెడతారు. సీడీకి పైవైపే అసలు ప్రాణం.

నేను చేసింది ఇదీ: బకెట్లో మామూలు నీళ్లు, అందులో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్. డిస్కుని ముంచి, వేలి కొసతో లోపలి నుంచి అంచు వైపు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తిప్పకూడదు. డేటా గుండ్రంగానే ఉంటుంది కాబట్టి గుండ్రటి గీత పడితే వరసగా బోలెడు డేటా పోతుంది, అడ్డగీత అయితే ప్లేయర్ సర్దుకుంటుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగాను. మా చెన్నై బోరు నీళ్లతోనే వదిలేస్తే తెల్ల మచ్చలు కడతాయి. చివరికి మేడ మీద నీడలో అమ్మ పాత కాటన్ చీర పరిచి ఆరబెట్టాను. పక్కింటావిడ అప్పడాలనుకుందట.

నావి 212లో 190 పైగా బాగానే ఆడాయి. పోయినవి ఎక్కువగా వీసీడీలు. బుక్‌లెట్లు మాత్రం మొత్తం పోయాయి. నున్నటి ఆర్ట్ కాగితం తడిగా ఉన్నప్పుడే పేజీకి పేజీ విడదీయాలి, ఆరిందంటే జిగురు పెట్టినట్టు ఇటుకై కూర్చుంటుంది. నాకది తెలియక ఎండలో పెట్టాను. మీవి పదేళ్ల నాటి తడి కాబట్టి వాటి మీద ఆశ వదులుకోండి.

బర్మా బజార్ బాబు | శనివారం ఉదయం 7:12

అప్పడాలు! నవ్వాగట్లేదు జ్యోతక్కా.

హర్షా, పెట్టెలో 'టెర్మినేటర్ 2' అల్టిమేట్ ఎడిషన్ డీవీడీ ఉందేమో చూడు. 2000లో వచ్చింది. ఉంటే వదలొద్దు. మెనూలో రిమోట్‌తో 82997 కొడితే దాచిపెట్టిన పొడుగు వెర్షన్ తెరుచుకుంటుంది, కథానాయిక సారా ముసలిదై పార్కులో కూర్చునే ముగింపుతో. ఆ అంకె కథలో ప్రళయం వచ్చే తేదీ, 1997 ఆగస్టు 29. నేను ఇంజినీరింగ్‌లో ఉండగా తాంబరం హాస్టల్లో ఈ సంగతి తెలిసిన రాత్రి ఇరవై మందిమి ఒకే టీవీ ముందు కూర్చున్నాం. రిమోట్‌లో 9 పని చేయలేదు. పక్క బ్లాకు నుంచి ఇంకో రిమోట్ తెచ్చేసరికి వార్డెన్ వచ్చాడు.

నా పేరులో దొంగ డిస్కులు అమ్మే బర్మా బజార్ ఉందని అపార్థం చేసుకోవద్దు, ఇప్పుడు అన్నీ ఒరిజినల్సే. అప్పట్లో మాత్రం బీచ్ స్టేషన్ దిగి రాజాజీ సాలై పక్కన ఆ కొట్ల వరసలో నడవనివాడెవడు?

4కె కార్తీక్ | శనివారం ఉదయం 8:20

అదే టీ2ని 4కెలో చూడాలి అన్నా. లెవెలే వేరు.

పాతరీలు | శనివారం ఉదయం 8:47

కార్తీక్, సరిగ్గా దానినే ఉదాహరణగా ఎంచుకున్నావు, పాపం. 2017లో వచ్చిన ఆ 4కె డిస్కు చూశావా? ఫిల్మ్ మీదుండే సన్నటి రేణువులని మురికి అనుకుని కంప్యూటర్‌తో తుడిచేశారు. రేణువులతో పాటు చర్మం మీది గీతలూ, చొక్కా నేతా పోయాయి. అందరూ మైనపు బొమ్మల్లా ఉంటారు. దూరపు కొండలు నునుపు అంటారు, ఈ డిస్కులో దగ్గరి ముఖాలూ నునుపే.

ఫిల్మ్ మీది రేణువు దుమ్ము కాదు నాయనా, బొమ్మ తయారైందే దానితో. దాన్ని తీసేస్తే ఇడ్లీలో రవ్వ ఏరినట్టే.

4కె కార్తీక్ | శనివారం ఉదయం 9:15

ఒప్పుకుంటున్నా, ఆ ఒక్కటీ చెడగొట్టారు. కానీ '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సంగతేంటి? 2018లో యాభయ్యో ఏడాదికి వేసిన 4కె. 65 ఎంఎం అసలు నెగటివ్‌ని 8కెలో స్కాన్ చేసి చేశారు. స్పేస్ స్టేషన్ కిటికీల్లో తిరిగే మనుషులు కూడా కనిపిస్తారు. ఏ డీవీడీలో కనిపిస్తారు చెప్పండి?

పాతరీలు | శనివారం ఉదయం 9:22

ఆ డిస్కు ముందు నేనూ చేతులు జోడిస్తాను. 4కె మీద నాకేం కోపం లేదు. కొత్తది వచ్చింది కాబట్టి పాతది పారేయమనడం మీదే నా కోపం.

వేళచ్చేరి వాసు | శనివారం ఉదయం 11:30

హర్ష గారూ, కొనడం మొదలుపెట్టే ముందు రీజియన్ సంగతి తెలుసుకోండి, అంటే ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్లో ఆడకుండా వేసే తాళం. నేను తెలుసుకోక మూడు వేలు పోగొట్టుకున్నాను.

డీవీడీకి మన దేశం రీజియన్ 5. బ్లూరేకి రీజియన్ సి, చైనా, రష్యాలతో కలిపి. అమెరికా ఎ, యూరప్ బి. పెద్ద స్టూడియోల బ్లూరేలు చాలావాటికి తాళం ఉండదు కానీ, పాత సినిమాలు ప్రత్యేకంగా వేసే చిన్న సంస్థలవి చాలావరకు తాళం వేసే వస్తాయి. 4కె డిస్కుకి రీజియన్ తాళమే లేదు, ఎక్కడిదైనా ఆడుతుంది. అందులో జత చేసి ఇచ్చే మామూలు బ్లూరేకి మాత్రం ఉండొచ్చు. నేను బోల్తా పడింది అక్కడే. ఎక్స్‌ట్రాలన్నీ ఆ రెండో డిస్కులోనే ఉన్నాయి.

ఇంకొకటి. పాత డీవీడీ వెనక పాల్ (PAL, మన దేశంలో, యూరప్‌లో వాడిన టీవీ పద్ధతి) అని ఉంటే సినిమా అసలు నిడివి కంటే నాలుగు శాతం తొందరగా అయిపోతుంది. సెకనుకి 24 ఫ్రేములు తీసినదాన్ని 25 చొప్పున తిప్పుతారు. 117 నిమిషాల 'ఏలియన్' 112కే ముగుస్తుంది. సీన్లు కోశారేమోనని కంగారు పడకండి. గొంతులు మాత్రం కాస్త సన్నగా వినిపిస్తాయి.

ప్లేయర్ పాడయితే జాగ్రత్తగా వెతకండి. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో ఈ రంగం వదిలేశాయి. గేమ్ కన్సోల్ ఉందిగా అనుకుంటే, పీఎస్5 4కె డిస్కు ఆడిస్తుంది గానీ వీసీడీ ముట్టుకోదు.

ఓటీటీ చాలు | శనివారం మధ్యాహ్నం 1:04

అడిగితే తిట్టుకోవద్దు. నెలకి రెండు మూడొందలు కడితే అన్నీ ఫోన్లో వస్తుంటే ఈ కడగడాలూ, ఆరబెట్టడాలూ అవసరమా?

బర్మా బజార్ బాబు | శనివారం మధ్యాహ్నం 1:10

తిట్టం. కూర్చో. మజ్జిగ తాగుతావా?

పాతరీలు | శనివారం మధ్యాహ్నం 1:52

అవసరమే. ఒక్క ఉదాహరణ చెబుతాను. 1977లో థియేటర్లో ఆడిన 'స్టార్ వార్స్' ఇవాళ నువ్వు ఏ ఓటీటీలో వెతికినా దొరకదు. 1997లో దర్శకుడు కొత్త గ్రాఫిక్స్ కలిపాడు, 2004 డీవీడీకి మళ్లీ మార్చాడు, 2011 బ్లూరేకి మళ్లీ. జనం గోల చేస్తే 2006లో పాత రూపాన్ని బోనస్ డిస్కుగా ఇచ్చారు. అదీ 1993 లేజర్‌డిస్కు (డీవీడీకి ముందు తరం పెద్ద డిస్కు) కోసం చేసిన మాస్టర్ నుంచే. ఇప్పటి టీవీలో వేస్తే నాలుగు వైపులా నల్ల అంచు, మధ్యలో మసక బొమ్మ. అయినా అధికారికంగా దొరికే పాత రూపం డిస్కు మీద అదే చివరిది, బ్లూరేలో గానీ 4కెలో గానీ రాలేదు. పెట్టెలో ఆ 2006 డీవీడీ ఉంటే నలభయ్యింటిలో దానికి చోటివ్వండి హర్ష గారూ.

పెరుంగుడి హర్ష | శనివారం రాత్రి 8:36

ఉంది! బోనస్ డిస్కుతో సహా.

జ్యోతి గారూ, మీరు చెప్పినట్టే కడిగాను. 21లో 17 ఆడుతున్నాయి. పోయిన నాలుగూ వీసీడీలే, దీపానికి ఎదురుగా పెడితే సూది బెజ్జాల్లోంచి వెలుతురు కనిపిస్తోంది. మా ఆవిడ కూడా వచ్చి తుడిచింది. ఆవిడకి తమలపాకు కడిగినంత సున్నితంగా కడగడం వచ్చు, నాకు రాలేదు.

'బ్లేడ్ రన్నర్' మూడింటిలో ఒకటి 1992 కట్, చాలా పాత డీవీడీ. రెండోది 2007 అయిదు డిస్కుల పెట్టె. మూడోది బ్లూరే. అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. పాత డీవీడీ కవర్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. ల్యాబ్ వాళ్ల ఆర్డర్ ఫారం వెనక వైపు, మావయ్య చేతిరాత, బాల్ పెన్ను. మూడు గళ్లు గీశారు, ఒక్కో డిస్కుకి ఒక్కో గడి. సీను వారీగా "నీలం ఎక్కువ", "ఇక్కడ పచ్చ తిరిగింది", "చర్మం బాగుంది" అని రాసుకున్నారు. ఒక చోట రెండు గీతలు కొట్టి: "గాజు పగిలే సీను. పాతదాంట్లో డూప్ ముఖం తెలిసిపోతోంది. కొత్తదాంట్లో ఈ అమ్మాయే. ఎట్లా చేశారు?"

పాతరీలు | శనివారం రాత్రి 8:59

ఆ కాగితం లామినేట్ చేయించొద్దు, అలాగే ఉంచండి.

ఆయన కన్ను సరిగ్గానే పట్టింది. అద్దాల్లోంచి దూసుకుపోయే ఆ సీను చేసింది స్టంట్ ఆవిడ, విగ్గు పెట్టుకుని ఉంటుంది, 25 ఏళ్లు అందరికీ కనిపించింది. ఫైనల్ కట్ కోసం నటి జోవానా కాసిడీని మళ్లీ పిలిపించి, ఆమె ముఖం తీసి స్టంట్ ఆవిడ ఒంటి మీద కంప్యూటర్‌తో అతికించారు. ఇంకో సీన్లో హీరో హారిసన్ ఫోర్డ్ పెదాలు మాటలకి కలవకపోతే వాళ్లబ్బాయి బెన్ నోరు తీసి పెట్టారు. "ఎట్లా చేశారు" అన్నదానికి జవాబు ఇదని ఆయనకి చెప్పండి.

ఇప్పుడు అర్థమైందా కార్తీక్, మూడు కాపీలు ఎందుకో?

4కె కార్తీక్ | శనివారం రాత్రి 9:03

అర్థమైంది సార్. మూడూ ఉంచు హర్షా.

అడయార్ జ్యోతి | శనివారం రాత్రి 9:40

'మెట్రోపోలిస్' గురించి ఎవరూ చెప్పలేదు. 1927లో బెర్లిన్‌లో మొదటిసారి వేసినప్పుడు రెండున్నర గంటల సినిమా. తర్వాత కోసేశారు, కోసిన ముక్కలు పోయాయి. మీ రెండు గంటల డిస్కులో లేని సీన్ల చోట కథ అక్షరాల్లో చెబుతారు. 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లోని సినిమా మ్యూజియంలో 16 ఎంఎం నెగటివ్ బయటపడింది. దాని నుంచి 25 నిమిషాల దాకా తిరిగొచ్చి 2010లో కొత్త రూపం వచ్చింది. అదే మీ రెండోది.

చూస్తుంటే ఏ ముక్క ఎక్కడిదో కనిపెట్టడం చాలా తేలిక. దొరికిన భాగాలు రాగానే తెర మీద వాన పడుతున్నట్టు గీతలు, బొమ్మ చుట్టూ నల్ల అంచు. శుభ్రం చేసినా అంతకంటే పోలేదు. నాకు ఆ గీతల భాగమే ఎక్కువ ఇష్టం. ఎనభై ఏళ్లు ఎవరూ చూడని మనుషులు ఆ వానలోంచి నడిచొస్తుంటారు. రెండోది ఉంచండి, మొదటిది మా లైబ్రరీకి ఇస్తే తీసుకుంటాను.

బర్మా బజార్ బాబు | ఆదివారం ఉదయం 10:15

జర్మనీ వాళ్లు పోయిన 25 నిమిషాల కోసం అర్జెంటీనా దాకా వెళ్లారు. మనం? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. 'ఆదిత్య 369' 1991లో వచ్చింది. 1526కీ 2504కీ తీసుకెళ్లిన సినిమా, సింగీతం గారి బుర్ర, ఇళయరాజా పాటలు. ఇక్కడ తమిళంలో 'అపూర్వ శక్తి 369'గా కూడా ఆడింది. ఇంట్లో చూసుకుందామంటే మనకి దొరికింది వీసీడీ, డీవీడీ. 2025 ఏప్రిల్‌లో 4కె చేసి థియేటర్లలో వేశారు, సంతోషం. డిస్కు వేస్తే నేను ముందు లైన్లో నిలబడతా. 2007లో మోసర్ బేర్ వాళ్లు వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34కీ అమ్మినప్పుడు టీ కొట్టు పక్కన కూడా సినిమాలు దొరికేవి. ఇప్పుడు పల్లావరం శుక్రవారం సంతలో కుప్పలో వెతుక్కోవాలి.

వేళచ్చేరి వాసు | ఆదివారం ఉదయం 10:50

హర్ష గారి వీసీడీకి వైద్యం అడిగారుగా. టూత్‌పేస్ట్ రాయమని ఎవరైనా చెబితే వినకండి. కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి, నెమ్మదిగా చదివించి, లోపలి .డ్యాట్ ఫైలు హార్డ్ డిస్కులోకి కాపీ చేయడానికి చూడండి. రెండు మూడు వేరే డ్రైవ్‌లలో ప్రయత్నించండి, ఒకటి చదవనిది ఇంకొకటి చదువుతుంది. కానీ పెద్ద ఆశ పెట్టుకోవద్దు. మామూలు డేటా సీడీలో తప్పులు దిద్దుకోవడానికి అదనంగా చోటు కేటాయిస్తారు. వీసీడీలో ఎక్కువ సినిమా పట్టాలని ఆ చోటునీ బొమ్మకే వాడేశారు.

పెరుంగుడి హర్ష | ఆదివారం మధ్యాహ్నం 12:22

మూడు డ్రైవ్‌లు అయ్యాయి వాసు గారూ. మూడూ నలభయ్యో నిమిషం దగ్గరే గుర్రు పెడుతున్నాయి. మొదటి డిస్కు మాత్రం అద్దంలా ఉంది.

మావయ్యకి ఫోన్ చేసి ముఖం అతికించిన సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మెడ దగ్గర అతుకు కనపడుతుందేమో ఇంకోసారి చూడు, వెలుతురు ఎటు నుంచి పడుతోందో చూడు" అన్నారు. రాత్రి ఆ సీను పదిసార్లు వేశాను. నాకేం కనపడలేదు.

అడయార్ జ్యోతి | ఆదివారం మధ్యాహ్నం 12:40

ఆగండి. నా దగ్గర 'ఆదిత్య 369' వీసీడీ ఉంది. వరదలో మొదటి డిస్కు పోయింది, రెండోది ఆడుతుంది. పదేళ్లుగా సగం నుంచే చూస్తున్నాను.

బర్మా బజార్ బాబు | ఆదివారం మధ్యాహ్నం 12:41

అయ్య బాబోయ్.

పెరుంగుడి హర్ష | ఆదివారం మధ్యాహ్నం 12:55

జ్యోతి గారూ, వచ్చే ఆదివారం కోడంబాక్కం స్టేషన్ దగ్గర, పదింటికి? నేను మొదటి డిస్కు, 'మెట్రోపోలిస్' తెస్తాను. లాప్‌టాప్, బయటి డ్రైవ్ కూడా. రెండూ అక్కడే కాపీ చేసుకుని ఎవరిది వాళ్లం తీసుకుపోదాం.

అడయార్ జ్యోతి | ఆదివారం మధ్యాహ్నం 1:02

పదిన్నర చేయండి. ఆదివారం ట్రైన్లు తక్కువ. డిస్కు పైవైపు వేలు పెట్టకుండా పట్టుకోండి.